కెరటం కంటే అర సెకను వెనుక: అండమాన్ కాటమరాన్‌లో ఊపు నియంత్రణపై ఒక కేస్ స్టడీ

జంట హల్ ఓడ, అంటే నీటి మీద తేలే రెండు సన్నటి దేహాలున్న కాటమరాన్, ఊగదని చాలామంది అనుకుంటారు. పక్కకు ఒరిగే విషయంలో అది నిజమే. రెండు హల్స్ మధ్య మంచి ఎడం ఉంటుంది కాబట్టి ప్రయాణికులందరూ ఒకే పక్కకు చేరినా అది రెండు డిగ్రీలకు మించి ఒరగదు. ఎదురు కెరటాల్లో ముక్కు లేచి పడే ఊపు, అంటే పిచ్, విషయానికి వస్తే మాత్రం కథ వేరు. సన్నగా, నిడుపుగా ఉండే హల్స్ నీటిని సులువుగా కోసుకుపోతాయి. ఏ గుణం వల్ల అవి వేగంగా పోగలుగుతున్నాయో, అదే గుణం వల్ల వాటి ఊపును నీరు సరిగా అణచలేదు. ఆ లోటు తీర్చడానికి అమర్చిన ఒక స్వయంచాలక వ్యవస్థ ఎందుకు పనిచేయలేదో, దాన్ని ఎలా దారికి తెచ్చామో ఇక్కడ రాస్తున్నాను. ఓడ పేరు, యజమాని పేరు, వ్యవస్థను అమర్చిన సంస్థ పేరు ఈ కేసుకు అవసరం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఓడ అల్యూమినియం కాటమరాన్. నీటి గీత వద్ద పొడవు 34 మీటర్లు, ఒక్కో హల్ వెడల్పు 2.4 మీటర్లు, 250 మంది ప్రయాణికులతో నిండినప్పుడు బరువు సుమారు 130 టన్నులు, నడిచే వేగం 24 నాట్లు, అంటే సెకనుకు 12.35 మీటర్లు. అప్పటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం నుంచి ఒకప్పటి హేవ్‌లాక్ అయిన స్వరాజ్ ద్వీప్‌కు దాదాపు గంటన్నర ప్రయాణం. ముక్కు వైపు ఒక్కో హల్ కింద ఒక టీ-ఫాయిల్, వెనుక ఒక్కో హల్ చివర ఒక ఇంటర్‌సెప్టర్ తర్వాతి కాలంలో అమర్చారు. టీ-ఫాయిల్ అంటే నీటిలో మునిగి ఉండే అడ్డ రెక్క. హైడ్రాలిక్ సిలిండరు దాని కోణాన్ని మార్చినప్పుడు అది ముక్కును పైకి ఎత్తడమో కిందికి లాగడమో చేస్తుంది. ఇంటర్‌సెప్టర్ అంటే వెనుక అంచు నుంచి కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగే పలక. దాని ముందు నీటి ఒత్తిడి పెరిగి వెనుక భాగం పైకి లేస్తుంది. టాస్మేనియాలో ఇన్‌క్యాట్ కట్టే 112 మీటర్ల కాటమరాన్లలో నడిమి ముక్కు కింద ఒకే పెద్ద టీ-ఫాయిల్, వెనుక ట్యాబులు ఉంటాయి. మా ఓడకు నడిమి ముక్కు లేదు కాబట్టి ఫాయిల్స్ రెండయ్యాయి.

నన్ను పిలిచేనాటికి వ్యవస్థ అమర్చి ఒక సీజన్ గడిచింది. ఫిర్యాదు చిత్రంగా ఉంది. స్వరాజ్ ద్వీప్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు వ్యవస్థ చక్కగా పనిచేస్తోంది. వెళ్లేటప్పుడు మాత్రం వాంతులు తగ్గలేదు. కొన్ని రోజుల్లో వ్యవస్థను ఆపేస్తేనే ఓడ మెత్తగా నడుస్తోందని కెప్టెన్ గారి అభిప్రాయం. అమర్చిన సంస్థ మనుషులు జెట్టీ దగ్గర ఓడను కట్టి ఉంచి పరీక్షించి, సెన్సార్లు సరిగా ఉన్నాయి, ఫాయిల్స్ చెప్పిన కోణానికి కదులుతున్నాయి, లోపమేమీ లేదని రాసి ఇచ్చి వెళ్లారు. ఆ రాతలో అబద్ధమేమీ లేదన్నది తర్వాత తేలింది.

అదే సముద్రం, రెండు సముద్రాలు

స్వరాజ్ ద్వీప్ శ్రీ విజయపురానికి ఈశాన్యంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలి అటునుంచే వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు కెరటాలు ఎదురు వస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుంచి తరుముతాయి. ఆ రోజుల్లో అక్కడ మేము ఎక్కువగా చూసినవి 5 నుంచి 7 సెకన్ల కెరటాలు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చేయాలి, ఎందుకంటే కేసంతా దీని మీదే నిలబడింది. 6 సెకన్ల కెరటం లోతు నీటిలో 56 మీటర్ల పొడవు ఉండి, సెకనుకు 9.4 మీటర్ల వేగంతో కదులుతుంది. దానికి ఎదురుగా 24 నాట్లతో పోయే ఓడకు శిఖరాలు 6 సెకన్లకు ఒకటి కాకుండా 2.6 సెకన్లకు ఒకటి చొప్పున తగులుతాయి. అదే ఓడ అదే కెరటాలతో పాటు తిరిగి వచ్చేటప్పుడు తానే కెరటాల కంటే వేగంగా పోతూ, ఒక్కో శిఖరాన్ని దాటడానికి దాదాపు 19 సెకన్లు తీసుకుంటుంది. కెరటాలు మారలేదు, ఓడ మారలేదు. కానీ నియంత్రణ వ్యవస్థకు పోయేటప్పుడు కనిపించే సముద్రం, వచ్చేటప్పటి కంటే ఏడు రెట్లు చురుకైనది.

దీనికి తోడు ఓడకు తనదైన సహజ కాలం ఒకటి ఉంటుంది. నీటి గీత వద్ద హల్స్ ఆకారాన్ని బట్టి ఓడను ఒక డిగ్రీ ముందుకు వంచడానికి కావలసిన మొమెంట్, అంటే తిప్పే బలం, సుమారు 1,500 కిలోన్యూటన్ మీటర్లు. బరువు పొడవునా పరుచుకున్న తీరును, హల్స్‌తో పాటు కదిలే నీటి జడత్వాన్ని కలిపి లెక్కిస్తే పిచ్ సహజ కాలం 2.9 సెకన్ల దగ్గర తేలింది. 6.5 సెకన్ల కెరటం ఎదురొస్తే తగిలే కాలం సరిగ్గా 2.9 సెకన్లే. ఉయ్యాల ఊగే లయలోనే ఎవరో తోస్తున్నట్టుగా సముద్రం ఓడను తోస్తోంది. ఇలాంటి చోట ఊపు ఎంతవరకు పెరుగుతుందన్నది పూర్తిగా దాన్ని అణచే గుణం మీద, అంటే డ్యాంపింగ్ మీద, ఆధారపడుతుంది. కాటమరాన్‌కు లేనిదే అది.

ఫాయిల్స్ బలం చాలలేదా అన్న అనుమానం ముందుగా వస్తుంది. ఒక్కో ఫాయిల్ వైశాల్యం 1.2 చదరపు మీటర్లు. 24 నాట్ల వద్ద, 10 డిగ్రీల కోణంలో ఒక్కొక్కటి దాదాపు 5 టన్నుల బలం ఇస్తుంది. రెండూ కలిసి ఓడ గురుత్వ కేంద్రానికి 13 మీటర్లు ముందు పనిచేస్తే వచ్చే మొమెంట్ 1,340 కిలోన్యూటన్ మీటర్లు. అంటే నిశ్చలమైన నీటిలో పూర్తి శక్తితో తోసినా ముక్కు ఒక డిగ్రీ కూడా లేవదు. ఇది చూసి యజమాని నిరుత్సాహపడ్డారు కానీ, లెక్క అలా చూడకూడదు. లయలో ఊగుతున్న ఉయ్యాలను ఆపడానికి దాన్ని ఎత్తి పట్టుకునేంత బలం అక్కరలేదు. ప్రతిసారీ కదలికకు సరిగ్గా ఎదురుగా కొద్దిగా నొక్కితే చాలు. కాబట్టి ఈ ఫాయిల్స్ చేయాల్సింది ముక్కు స్థానాన్ని సరిచేయడం కాదు, ముక్కు కదిలే వేగానికి ఎదురు నిలవడం. ముక్కు వేగంగా లేస్తున్న క్షణంలో కిందికి లాగాలి, వేగంగా పడుతున్న క్షణంలో పైకి ఎత్తాలి. ఆ క్షణం తప్పితే ఎంత బలమున్నా వృథా.

ఓడ మీద గడిపిన మొదటి నాలుగు రోజులు

పరికరాలు తెరవకముందే అసలు సంగతి నాకు ఒకాయన చెప్పేశారు. శ్రీకాకుళం తీరం నుంచి తాతల కాలంలో అక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆయనది, ఓడలో సరంగు, అంటే డెక్ పనివాళ్లకు పెద్ద. తెలుగువాడినని తెలిశాక బ్రిడ్జి వెనుక నిలబడి అన్న మాట ఇది: "ఎనక కెరటానికి ఇది మన పక్కే బాబూ. ఎదురు కెరటం వస్తే మాత్రం కెరటంతో కలిసిపోతంది." దీనికంటే కచ్చితమైన నిర్ధారణ ఆ తర్వాత నేను రాసిన నివేదికలో కూడా లేదు.

మేము చేసిన కొలత పద్ధతి సాదాసీదా. ఒకే దిశలో, ఒకే వేగంతో పది నిమిషాలు వ్యవస్థను నడిపి, పది నిమిషాలు ఫాయిల్స్‌ను సున్నా కోణంలో నిలిపి, మళ్లీ నడిపి, మళ్లీ నిలిపి కొలిచాము. ఒక రోజు నడిపి మరో రోజు ఆపి పోల్చడం దండగ, ఎందుకంటే సముద్రం రెండు రోజులు ఒకేలా ఉండదు. ఓడలో ఉన్న సెన్సార్లను నమ్మకుండా తిరిగే వేగాన్ని కొలిచే జైరో, త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటరు కలిసిన నా సొంత పరికరాలను గురుత్వ కేంద్రం దగ్గర ఒకటి, ముందు క్యాబిన్ నేల మీద ఒకటి బిగించాను. ఫాయిల్ ఇరుసుకు నేరుగా ఒక కోణమాపకం కట్టాను. ఈ మూడింటినీ ఒకే గడియారం మీద నమోదు చేయడం ముఖ్యం. వేర్వేరు గడియారాల మీద నమోదు చేసి తర్వాత కలిపితే, వెతుకుతున్న దోషమే ఆ కలపడంలో మాయమవుతుంది.

మొదటి రోజు రాత్రి గెస్ట్‌హౌస్‌లో గ్రాఫులు వేసి చూశాను. ముక్కు కదిలే వేగం గరిష్ఠానికి చేరిన 0.62 సెకన్ల తర్వాత ఫాయిల్ కోణం గరిష్ఠానికి చేరుతోంది. జెట్టీ దగ్గర పరీక్షించినప్పుడు ఇది తెలియకపోవడంలో వింతేమీ లేదు. అక్కడ ఎవరూ కదలని ఓడ మీద ఫాయిల్‌కు ఆజ్ఞ ఇచ్చి, అది కదిలిందా లేదా అనే చూస్తారు.

0.62 సెకన్లంటే కన్ను మూసి తెరిచేంత. దాని అర్థం కెరటాన్ని బట్టి మారుతుంది. తిరుగు ప్రయాణంలో 19 సెకన్ల ఊపుకు అది 12 డిగ్రీల దశాభేదం మాత్రమే, ఒక పూర్తి ఊపును 360 డిగ్రీలుగా లెక్కిస్తే. ఫాయిల్ శ్రమలో దాదాపు అంతా పనికి వస్తుంది. ఎదురు ప్రయాణంలో 2.9 సెకన్ల ఊపుకు అదే ఆలస్యం 77 డిగ్రీలు. శ్రమలో ఐదో వంతు కాస్త మించి మాత్రమే ఊపును అణచడానికి పోతుంది, మిగిలినదంతా ఓడను కాస్త బిర్రుగా చేయడానికి ఖర్చవుతుంది. ఇక 5 సెకన్ల పొట్టి కెరటాలు ఎదురైతే అవి 1.94 సెకన్లకు ఒకటి చొప్పున తగులుతాయి. అక్కడ ఆలస్యం 115 డిగ్రీలు, అంటే 90 దాటిపోయింది. ఆ గీత దాటాక ఫాయిల్ ఊపును అణచదు, పెంచుతుంది. ముక్కు లేవడం అయిపోయి పడటం మొదలయ్యాక కిందికి లాగుతుంది. కెరటంతో కలిసిపోతుందని సరంగు అన్నది అక్షరాలా ఇదే. ఆపేస్తేనే మెత్తగా ఉందని కెప్టెన్ గారు అన్న రోజులు కూడా పొట్టి కెరటాల రోజులేనని లాగ్‌బుక్ చూస్తే తేలింది.

ఆలస్యం ఎక్కడెక్కడ పోగైంది

ఒకే చోట 0.62 సెకన్లు పోయి ఉంటే ఎవరైనా పట్టుకునేవారు. ఇది నాలుగు చోట్ల, నలుగురు వేర్వేరు మనుషులు, తమ తమ దృష్టిలో సబబైన కారణాలతో చేసిన పనుల మొత్తం.

అన్నిటికంటే పెద్దది సెన్సార్ లోపలి ఫిల్టర్. ఇంజిన్ల కంపనం వల్ల సంకేతం గరుగ్గా ఉండడంతో, దాన్ని నునుపు చేయడానికి ఎవరో 1 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు ఒకసారి కంటే చురుకైన కదలికలను, కోసే రెండో తరగతి ఫిల్టర్ పెట్టారు. ఆ ఫిల్టర్ నెమ్మదైన ఊపుల మీద 0.225 సెకన్ల ఆలస్యం వేస్తుంది. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న సంఖ్యే, కొలవనక్కర లేదు. గ్రాఫు నునుపుగా కనిపిస్తే పని బాగా జరిగినట్టు అనిపిస్తుంది. ఈ వృత్తిలో నేను చూసిన తప్పుల్లో సగం నునుపైన గ్రాఫుల వెనుకే దాక్కుని ఉన్నాయి. సెన్సార్ నుంచి కంట్రోలర్‌కు నేరుగా తీగ లేదు. బ్రిడ్జి పరికరాలన్నీ వాడుకునే నెట్‌వర్క్ మీదుగా సెకనుకు పది సార్లు విలువలు వస్తున్నాయి. కంట్రోలర్ ఆ విలువల్లో చివరి నాలుగింటి సగటు తీసుకుంటోంది, దానివల్ల మరో 0.15 సెకన్లు. నెట్‌వర్క్‌లో ఎదురుచూపు 0.08 సెకన్లు. చివరిగా వాల్వు, సిలిండరు కలిసి 0.165 సెకన్లు. సిలిండరుది సహజ లక్షణం, మిగిలినవన్నీ మనుషులు చేర్చినవి.

దీన్ని మోడల్ పరీక్షల్లోనే పట్టుకోవలసిందని యజమాని వైపు సలహాదారు ఒకరు అన్నారు. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో కెరటాలు పుట్టించే 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల తొట్టి ఉంది. ఓడ ఎలా ఊగుతుందో అలాంటి చోట చక్కగా తెలుస్తుంది. కానీ మోడల్‌లో కాలం కూడా కుదించుకుపోతుంది. పదహారో వంతు మోడల్‌లో ఊపులు నాలుగు రెట్లు వేగంగా జరుగుతాయి, కాబట్టి మన 0.62 సెకన్ల ఆలస్యాన్ని అక్కడ 0.155 సెకన్లుగా కావాలని పెట్టి పరీక్షించాలి. లేని ఆలస్యాన్ని ఊహించి పెట్టాలంటే అది ఉంటుందని ముందే తెలిసి ఉండాలి. ఇది తొట్టి తప్పు కాదు. మోడల్‌కు ఓడ బ్రిడ్జిలోని తీగలు ఉండవు.

దిద్దుబాటు మొదలు తీగలతోనే చేశాము. సెన్సార్‌ను కంట్రోలర్‌కు నేరుగా కలిపి సెకనుకు 50 సార్లు చదివించాము. సగటు తీసేశాము. ఫిల్టర్‌ను 5 హెర్ట్జ్‌కు జరిపాము. దాంతో దాని ఆలస్యం 0.045 సెకన్లకు దిగింది. కంపనం మళ్లీ కనిపించింది, ఫాయిల్స్ సన్నగా వణికాయి. దానికి విరుగుడు బరువైన ఫిల్టర్ కాదు. సెన్సార్‌ను ఇంజిన్ గది గోడ మీద నుంచి తీసి, గురుత్వ కేంద్రం దగ్గర గట్టి దూలం మీద బిగించగానే వణుకు చాలావరకు పోయింది; మిగిలినది ఫాయిల్ పావు డిగ్రీ లోపు ఆజ్ఞలను పట్టించుకోకుండా చేసేసరికి ఆగింది. మొత్తం ఆలస్యం 0.24 సెకన్లకు వచ్చింది. 2.9 సెకన్ల ఊపుకు అది 30 డిగ్రీలు, శ్రమలో 87 శాతం పనికి వస్తుంది. 1.94 సెకన్ల ఊపుకు 45 డిగ్రీలు, అక్కడ కూడా 70 శాతం. రెండు చోట్లా ఫాయిల్ ఇప్పుడు కెరటానికి వ్యతిరేక పక్షంలోనే ఉంది.

ఇంతటితో అయిపోతుందనుకున్నాను. మరుసటి రోజు ఎదురు కెరటాల్లో మెరుగుదల లెక్క ప్రకారం రావలసిన దానిలో సగమే వచ్చింది.

సిలిండరు వేగం

ఈసారి గ్రాఫులో ఫాయిల్ కోణం సైన్ తరంగంలా గుండ్రంగా కాకుండా, రంపపు పళ్లలా త్రిభుజాలుగా ఉంది. అది కనిపించిందంటే సిలిండరు తన గరిష్ఠ వేగాన్ని అందుకుని, ఆపై ఆజ్ఞను అందుకోలేకపోతోందని అర్థం. ఈ సిలిండర్లు ఫాయిల్‌ను సెకనుకు 15 డిగ్రీలకు మించి తిప్పలేవు. 2.9 సెకన్ల లయలో అటు 10, ఇటు 10 డిగ్రీలు ఊగాలంటే మధ్యలో సెకనుకు దాదాపు 22 డిగ్రీల వేగం కావాలి, 1.94 సెకన్ల లయలోనైతే 32. అందుకోలేని ఆజ్ఞ ఇస్తే ఫాయిల్ ఆలస్యంగా చేరుతుంది, చేరేసరికి ఆజ్ఞ వెనక్కి తిరిగి ఉంటుంది. మేము కష్టపడి తీసేసిన ఆలస్యం ఇలా దొడ్డిదారిన తిరిగి వచ్చింది.

పెద్ద వాల్వులు, పెద్ద పంపు వేస్తే తీరే సమస్యే, కానీ అది డాక్‌లోకి ఎక్కించి చేయాల్సిన ఖర్చు. దానికి బదులు ముక్కు ఎంత వేగంగా కదిలితే ఫాయిల్ ఎంత తిరగాలో చెప్పే గుణకాన్ని, అంటే గెయిన్‌ను, తగ్గించి, ఎదురు కెరటాల్లో ఫాయిల్ మామూలుగా 6 డిగ్రీల లోపే తిరిగేలా చేశాము. అప్పుడు కావలసిన వేగం సెకనుకు 13 డిగ్రీలే. తక్కువ తిప్పితే ఎక్కువ పని జరిగింది. ఈ మాట యజమానిని నమ్మించడానికి నాకు గ్రాఫు చూపించాల్సి వచ్చింది, అప్పటికీ ఆయన ముఖంలో అనుమానం పూర్తిగా పోలేదు. 1.94 సెకన్ల పొట్టి కెరటాలకు ఇదీ చాలదు కాబట్టి, కంట్రోలర్ గత రెండు నిమిషాల ఊపు లయను చూసి గెయిన్‌ను ఇంకా దించేలా రాశాము. ఓడ వేగాన్ని బట్టి గెయిన్ మారడం మొదటి నుంచీ ఉంది. ఫాయిల్ బలం వేగ వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 15 నాట్ల వద్ద దానిలో మిగిలేది 39 శాతమే.

పిచ్ పెద్దదైనప్పుడు ముక్కు బాగా లేచి ఫాయిల్ నీటి ఉపరితలానికి చేరువగా వస్తుంది. ఆ సమయంలో ఎక్కువ కోణం ఇస్తే పైనుంచి గాలిని లాక్కుని ఒక్కసారిగా బలం కోల్పోతుంది. తిరిగి మునిగేటప్పుడు దెబ్బతో పట్టు దొరుకుతుంది. ముక్కు 4 డిగ్రీలు దాటి లేచినప్పుడు కోణాన్ని 3 డిగ్రీలకు పరిమితం చేయడంతో ముందు క్యాబిన్‌లో వినిపించే ఆ దబ్బు శబ్దం చాలా తగ్గింది.

వెనుక కెరటాల్లో ఒక చిన్న దిద్దుబాటు కూడా అవసరమైంది, ప్రమాదం దృష్ట్యా చూస్తే అది చిన్నదేమీ కాదు. ఇంధనం పొదుపు కోసం ఇంటర్‌సెప్టర్లు ఎప్పుడూ కాస్త దిగి ఉండి, వెనుక భాగాన్ని లేపి, ముక్కును కాస్త దించుతున్నాయి. నిశ్చల నీటిలో అది సరైనదే. కానీ ఓడ తానే కెరటాలను దాటుకుంటూ పోయేటప్పుడు ముక్కు ముందున్న కెరటం వీపులోకి దూసుకుపోయే స్వభావం ఉంటుంది, దానికి దించిన ముక్కు తోడైతే నీరు ముందు డెక్ మీదికి వస్తుంది. ఊపు లయ 8 సెకన్లు దాటగానే ఇంటర్‌సెప్టర్లు పూర్తిగా పైకి పోవాలని, ఫాయిల్స్ ముక్కును రెండు డిగ్రీల కోణంతో ఎత్తి పట్టాలని పెట్టాము. వారానికి కొన్ని లీటర్ల డీజిల్ పోతుంది, పోనివ్వమన్నాను.

ఫలితం, వాంతుల లెక్క

ఒకటిన్నర మీటర్ల ఎత్తు, 6.5 సెకన్ల ఎదురు కెరటాల్లో పిచ్ వర్గ సగటు మూల విలువ (ఆర్‌ఎంఎస్), అంటే ఊపు సగటు తీవ్రత, 2.3 డిగ్రీల నుంచి 1.5 డిగ్రీలకు తగ్గింది. ఇంతకు మించి ఆశించకూడదు. ఈ ఓడ సొంత డ్యాంపింగ్ క్రిటికల్ విలువలో, అంటే ఊగడమే లేకుండా చేసే డ్యాంపింగ్‌లో, 15 శాతం ఉందనుకుంటే, ఫాయిల్స్ తమ పరిమితిలో ఇంకో 10 శాతం వరకే చేర్చగలవు; అనునాదం దగ్గర, అంటే కెరటాల లయ ఓడ సహజ లయతో కలిసిన చోట, ఊపు ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. 80 శాతం తగ్గిస్తామని కరపత్రాల్లో రాసుకునే వారు ఏ వేగం, ఏ కెరటం, ఏ చోట అన్నది కూడా రాస్తే బాగుండేది.

ప్రయాణికుడికి పిచ్ డిగ్రీలు అక్కరలేదు, కడుపు తిప్పిందా లేదా అన్నదే కావాలి. మనిషి ఒంటి మీద కంపనాల ప్రభావాన్ని కొలిచే ఐఎస్‌ఓ 2631 ప్రమాణంలో దీనికి ఒక లెక్క ఉంది: నిలువు త్వరణాన్ని పౌనఃపున్యాన్ని బట్టి తూచి, ప్రయాణ కాలపు వర్గమూలంతో గుణిస్తే వచ్చే మోతాదులో మూడో వంతు, వాంతి చేసుకునే వారి శాతానికి ఒక అంచనా. ముందు క్యాబిన్‌లో తూచిన త్వరణం చదరపు సెకనుకు 0.6 మీటర్ల నుంచి 0.4 మీటర్లకు తగ్గింది. గంటన్నర ప్రయాణానికి అంచనా 15 శాతం నుంచి 10 శాతానికి వచ్చింది. 250 మందిలో పన్నెండు పదముగ్గురు తక్కువన్నమాట, అది కూడా అందరూ ముందే కూర్చుంటే. సగానికి వెనుక కూర్చునే వారికి ఊపు ఎప్పుడూ తక్కువే. టికెట్ ధర ముందు సీట్లకు ఎక్కువ పెట్టడం ఈ వ్యాపారంలో నాకు అర్థం కాని విషయాల్లో ఒకటి.

ఆ తూకంలో అందరూ గమనించని మెలిక ఒకటి ఉంది. మనిషి కడుపుకు అన్నిటికంటే చెడ్డ లయ సెకనుకు 0.16 నుంచి 0.2 సార్లు, అంటే 5, 6 సెకన్లకు ఒకసారి. 0.4 హెర్ట్జ్ దగ్గర తూకం 0.4కు పడిపోతుంది. సముద్రం గట్టిగా ఉన్నప్పుడు కెప్టెన్లు వేగం తగ్గిస్తారు, దెబ్బలు తగ్గుతాయి కాబట్టి ఓడకు అది మంచిదే. కానీ 24 నాట్ల నుంచి 12కు దిగితే 6 సెకన్ల కెరటం తగిలే లయ 2.6 సెకన్ల నుంచి 3.6 సెకన్లకు సాగి, చెడ్డ లయకు దగ్గరవుతుంది, తూకం దాదాపు రెట్టింపు అవుతుంది, ప్రయాణ కాలం పెరుగుతుంది, ఫాయిల్ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. వేగం తగ్గించిన రోజుల్లోనే వాంతుల సంచులు ఎక్కువ ఖర్చయ్యాయని స్టోర్స్ పుస్తకం చూపించినప్పుడు కెప్టెన్ గారు చాలాసేపు మాట్లాడలేదు. 18 నాట్ల దగ్గర ఆగి చూడమని చెప్పాను.

స్వాత్ కట్టి ఉంటే?

కొత్త ఓడ కొనేటప్పుడు స్వాత్ రకం తీసుకుంటే ఈ గోల ఉండదు కదా అని యజమాని అడిగారు. స్వాత్ అంటే రెండు హల్స్‌ను టార్పెడోల్లా పూర్తిగా నీటి అడుగున ఉంచి, సన్నటి నిలువు పలకల మీద డెక్‌ను మోసే ఓడ. కెరటాలు పట్టుకోవడానికి నీటి గీత దగ్గర ఏమీ దొరకదు కాబట్టి అది మెత్తగా నడుస్తుంది. అమెరికా నౌకాదళం 1973లో నీటిలోకి దించిన కైమలినో ఆ రకం ఓడే. జర్మనీలో ఎల్బే ముఖద్వారం దగ్గర పైలట్లను గట్టి సముద్రంలో ఓడలెక్కించడానికి ఈ రకమే వాడుతున్నారు.

కానీ స్వాత్‌లో ఆటోమేటిక్ నియంత్రణ అవసరం తగ్గదు, పెరుగుతుంది. నీటి అడుగున పోయే సన్నటి దేహం కొద్దిగా ముక్కెత్తితే, నీటి ప్రవాహం దాన్ని ఇంకా ఎత్తడానికే చూస్తుంది; వాయుగతి శాస్త్రవేత్త మాక్స్ మంక్ పేరుతో పిలిచే ఈ మొమెంట్ వేగ వర్గంతో పెరుగుతుంది. దాన్ని వెనక్కి లాగే తేలుడు శక్తి స్వాత్‌లో కావాలనే తక్కువ చేశారు. పొడవు దిశలో మెటాసెంట్రిక్ ఎత్తు, అంటే వంగిన ఓడ తిరిగి సరిగా నిలబడే గుణానికి కొలత, 6 మీటర్లు, మొత్తం మునిగిన ఘనపరిమాణంలో ముప్పాతిక అడుగు హల్స్‌లోనే ఉందనుకుని లెక్కిస్తే, దాదాపు 17 నాట్ల దగ్గర ఈ రెండూ సమానమవుతాయి. ఆ పైన వెనుక రెక్కలు లేకపోతే ఓడ ముక్కు మునిగిపోవడమో లేచిపోవడమో ఖాయం. మా కాటమరాన్‌లో కంట్రోలర్ ఆగిపోతే ప్రయాణికులకు వాంతులు. స్వాత్‌లో వేగం మీద ఉండగా స్థిరత్వం కోసం రెక్కలనే నమ్ముకోవాలి. ఇంకో సంగతి బరువుకు సంబంధించినది. మా ఓడలో 250 మంది, మనిషికి 75 కిలోల చొప్పున ఎక్కితే 15 సెంటీమీటర్లు దిగుతుంది. అంతే బరువున్న స్వాత్‌కు నీటి గీత వైశాల్యం 25 చదరపు మీటర్లు ఉంటే 70 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. నీటిని లోపలికి, బయటికి పంపు చేస్తూ జెట్టీ ఎత్తుకు సరిచేసుకోవాలి. నాలుగు ద్వీపాల మధ్య రోజుకు ఎన్నోసార్లు మనుషులను ఎక్కించి దింపే సర్వీసుకు అది సరిపడదని చెప్పాను.

చెడిపోతే ఏమవుతుంది

నియంత్రణ సూత్రం మార్చాక ఓడను ప్రయాణికులతో నడపడానికి ముందు వైఫల్య పరీక్ష తప్పదు. వేగ నౌకలకు వర్తించే అంతర్జాతీయ హెచ్‌ఎస్‌సీ కోడ్ 16వ అధ్యాయం స్థిరీకరణ వ్యవస్థల గురించే. ఒక ఫాయిల్ పూర్తి కోణంలో బిగుసుకుపోయినట్టు చేసి 24 నాట్లతో నడిపాము. లెక్క ప్రకారం ముక్కు అర డిగ్రీ లోపు, పక్కకు ఒక డిగ్రీ లోపు వంగాలి. దాదాపు అంతే వంగింది. ఓడ ఒక పక్కకు లాగింది, స్టీరింగ్ దాన్ని సులువుగా అందుకుంది. కరెంటు పోతే రెండు ఫాయిల్స్ సున్నాకు వచ్చి తాళం పడతాయి. మేము కొత్తగా చేర్చినది ఒకటే: కంట్రోలర్ తన ఆలస్యాన్ని తానే నిరంతరం కొలుచుకుంటుంది. ముక్కు వేగానికీ ఫాయిల్ కోణానికీ మధ్య ఎడం 0.35 సెకన్లు దాటితే బ్రిడ్జి మీద పసుపు దీపం వెలుగుతుంది, 0.45 దాటితే ఫాయిల్స్ వాటంతట అవే నిలిచిపోతాయి.

ఎనిమిది నెలల తర్వాత ఆ పసుపు దీపం వెలిగిందని ఫోను వచ్చింది. కుడి ఫాయిల్ ఇరుసు చుట్టూ నత్తగుల్లలు పేరుకుని సిలిండరు నెమ్మదించింది. ఈతగాడిని దింపి గీకించేసరికి దీపం ఆరింది. పొట్టి కెరటాల రోజుల్లో ఈ వ్యవస్థ వల్ల వచ్చే లాభం ఇప్పటికీ కొంచెమే. పెద్ద వాల్వుల కోసం అంచనా రాసి ఇచ్చాను, అది తర్వాతి డాకింగ్ జాబితాలో ఉంది.